గొర్రె ఉన్ని నుంచి గొరవయ్య అంగీ దాకా: కంబళి పుట్టుపూర్వోత్తరాలు

తుంగభద్రకు దక్షిణాన కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్న మంత్రాలయం, ఆదోని, ఆలూరు, ఎమ్మిగనూరు ప్రాంతాలలో ఉన్నితో చేతిపనిగా తయారై, తొడిగేవారి అవసరాన్ని బట్టి కొలతా రూపమూ పొందిన వస్త్రం ఏదని వెదికితే కనిపించేది కంబళి. తెలంగాణలో దీనినే గొంగడి అంటారు. చలికి దుప్పటిగా, వానకు ముసుగుగా, ఎండకు నీడగా, రాత్రి పొలంలో మంద ఆగినచోట పరుపుగా ఉపయోగపడే ఈ వస్త్రం గొర్రెలకాపరుల బతుకుతో ఎంతగా పెనవేసుకుపోయిందంటే, దాని చరిత్రను మగ్గం దగ్గర మొదలుపెట్టిన వారికి అందులో సగం మాత్రమే దొరుకుతుంది. మిగిలిన సగం గొర్రె ఒంటిమీద ఉంది.

దక్కను పీఠభూమిలో పశుపాలన కొత్తరాతియుగం నాటిది. బళ్లారి, రాయచూరు, అనంతపురం, కర్నూలు, పాలమూరు ప్రాంతాలలో కనిపించే బూడిద దిబ్బలు, అంటే పశువుల దొడ్లలో పేరుకున్న పేడ పదేపదే కాలడం వల్ల ఏర్పడిన గుట్టలు, ఇందుకు సాక్ష్యం. పాలమూరు సీమలోని ఉట్నూరు దిబ్బను 1957లో తవ్విన పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్, అక్కడి ప్రజలు ప్రధానంగా ఆవులమందలు మేపినవారని నిరూపించాడు. ఆ కాలపు స్థావరాలలో గొర్రె, మేక ఎముకలు కూడా దొరికాయి. అయితే ఎముకలు దొరికినంత మాత్రాన ఉన్ని నేశారని చెప్పడానికి వీలులేదు గనుక, కంబళి వయస్సును అంత వెనక్కు లాగడం తగదు. ఉన్ని వస్త్రం భారతదేశంలో ప్రాచీనమన్నది మాత్రం నిర్వివాదం: కంబళం అన్న మాట అథర్వవేదంలో ఉంది, బుద్ధుని సమకాలికుడైన ఒక తాత్త్వికుడు వెంట్రుకల కంబళి కప్పుకోవడం వల్లనే అజిత కేశకంబళి అని పేరుపొందాడు.

ఈ సీమ కంబళికి ఆధారం దక్కని, బళ్లారి అనే రెండు గొర్రె జాతులు. రెండింటి ఉన్నీ ముతకది, వెంట్రుక కలిసినది. దక్కని గొర్రెలో నలుపు ఎక్కువ కాగా, బళ్లారి గొర్రెలో తెలుపు నుంచి నలుపు వరకు కలగలుపు రంగులు కనిపిస్తాయి. స్వెట్టర్లకు వాడే మెరీనో ఉన్నితో పోల్చి దీనిని నాసిరకమని తేల్చేయడం వ్యాపార లెక్కల్లో మామూలే గాని, ఆ తీర్పు న్యాయమైనది కాదు. మెత్తని ఉన్ని ఒంటికి హాయినిస్తుంది. ముతక ఉన్ని ముళ్లకంపను, రాతినేలను, ఏళ్ల తరబడి వాడకాన్ని తట్టుకుంటుంది. ఉన్నిపోగు తన బరువులో దాదాపు మూడోవంతు తేమను పీల్చుకొని కూడా తడిగా అనిపించదు, పోగుమీద మిగిలే సహజమైన జిడ్డు వాననీటిని కొంతవరకు జార్చేస్తుంది. ఒక అంచును మడిచి తలమీదుగా ముసుగులా వేసుకొని వానలో మంద వెంట నిలబడే కాపరికి కావలసిన గుణాలు ఇవే.

తయారీలోని ప్రతి దశా ఈ ముతకదనానికి తగినట్టుగా ఏర్పడింది. ఏడాదికి రెండుసార్లు కత్తెరతో కత్తిరించిన ఉన్నిని ముందు రంగుల వారీగా వేరుచేస్తారు. అద్దకం లేని ఈ వస్త్రంలో నమూనా నిర్ణయమయ్యేది ఈ దశలోనే, ఎందుకంటే నల్లని నేలకు తెల్లని అంచు వేయాలన్నా, బూడిదరంగు చారలు తీయాలన్నా ఆ రంగు గొర్రెలు మందలో ఉండి తీరాలి. గొర్రెపిల్ల నుంచి మొదటిసారి తీసిన ఉన్ని అన్నిటికంటే మెత్తన. దానితో నేసిన కంబళికి విలువ ఎక్కువ. వేరుచేసిన ఉన్నిని నారి బిగించిన వింటితో కొట్టి, చిక్కు విడదీసి, దూదిలా పొంగించిన తరువాత ఇంటి ఆడవారు రాట్నంమీద వడుకుతారు. వడికిన పోగు నూగునూగుగా ఉండి ఒకదానికొకటి అంటుకుపోతుంది కాబట్టి, పడుగుకు, అంటే మగ్గంమీద నిలువునా సాగదీసి కట్టే దారాలకు, చింతగింజలను నూరి ఉడికించిన గంజి పట్టించి ఆరబెడతారు. పత్తినేతలో బియ్యపుగంజి చేసే పనిని ఇక్కడ చింతగింజ చేస్తున్నది; మెట్టసీమలో చింతచెట్టుకు కొరత లేదు గనుక ఖర్చులేని సరుకు అది. ఆ తరువాత నేత గుంతమగ్గంమీద, అంటే నేతగాడు కాళ్లు గోతిలో పెట్టి నేలమట్టాన కూర్చొని నేసే మగ్గంమీద, సాగుతుంది. వెడల్పు చాలనప్పుడు రెండు పట్టీలను పక్కపక్కన చేర్చి ఉన్నిదారంతోనే కుడతారు. కాపరి తన మంద ఉన్నిని తానే తెచ్చి ఇచ్చి, మూరలలో కొలత చెప్పి, తనకు కావలసిన అంచుతో నేయించుకోవడం పాత పద్ధతి. ఆ విధంగా చూస్తే ప్రతి కంబళీ ఒకరి కోసం ఒక మంద నుంచి పుట్టిన వస్త్రమే.

ఈ వృత్తి గొర్రెలకాపరులైన కురుబలది. 1800లో మైసూరు సీమలో పర్యటన ఆరంభించిన ఫ్రాన్సిస్ బుకానన్ కురుబల మందలను గురించి, వారి కంబళ్లను గురించి రాశాడు. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడేదాకా బళ్లారి జిల్లాలోనివే కావడంతో, ఈ ప్రాంతపు కంబళి చరిత్రను బళ్లారి చరిత్రతో కలిపి చదవక తప్పదు. దక్షిణ భారత కులాలపై 1909లో వెలువడిన థర్‌స్టన్ గ్రంథం కురుబలలో హత్తికంకణం వారు, ఉణ్ణికంకణం వారు అనే విభాగాలను పేర్కొన్నది: పెళ్లిలో పత్తిదారపు కంకణం కట్టుకునేవారు మొదటివారు, ఉన్నిదారపు కంకణం కట్టుకునేవారు రెండవవారు. పత్తికి, ఉన్నికి మధ్య గీత ఒక సమాజపు పెళ్లిపీటల దాకా వెళ్లిందంటే, ఈ నల్లరేగడి సీమలో ఆ రెండు పోగుల ప్రాముఖ్యం ఎంతటిదో ఊహించవచ్చు.

కప్పుకునే కంబళి కత్తిరించి కుట్టిన దుస్తుగా మారిన సందర్భం గొరవయ్యల వేషంలో కనిపిస్తుంది. మైలారలింగేశ్వరుని భక్తులైన గొరవయ్యలు నల్లని ఉన్ని అంగీ తొడిగి, ఎలుగుబంటి బొచ్చుతో చేసిన టోపీ పెట్టి, డమరుకం, పిల్లనగ్రోవి పట్టుకొని నృత్యం చేస్తారు. దసరానాడు హొళగుంద మండలం దేవరగట్టులో జరిగే మాళమల్లేశ్వరస్వామి ఉత్సవం ఈ సంప్రదాయపు ప్రపంచానికి చెందినదే. కాపరి రోజూ కప్పుకున్న నల్లకంబళే దేవుని సేవకు అంగీ అయిందనడం సమంజసం.

కంబళి పక్కన పెట్టి చూడదగినది, చేతి ఉన్నిపనిలో ప్రపంచమంతటా పేరుమోసిన ఐర్లండ్ దేశపు ఆరన్ దీవుల స్వెట్టరు. అది నేసినది కాదు, సూదులతో అల్లినది: నేతలో పడుగు, పేక అనే రెండు వరుసల దారాలు అడ్డంగా నిలువుగా దాటుతాయి, అల్లికలో ఒకే దారం ఉచ్చులు ఉచ్చులుగా ఒకదానిలోంచి ఒకటి సాగుతుంది, అందుకే అల్లిన బట్ట సాగుతుంది. కొన్ని ఉచ్చులను అదనపు సూదిమీద పక్కకు తీసి, వరుస మార్చి అల్లితే బట్టమీద జడపాయల వంటి ఉబ్బు తేలుతుంది. దానినే కేబుల్ అల్లిక అంటారు. ఒక్కో వంశానికి ఒక్కో జడ ఉండేదనీ, సముద్రంలో మునిగినవారి శవాలను దాన్నిబట్టి గుర్తించేవారనీ ప్రచారంలో ఉన్న కథకు చారిత్రకాధారం లేదు. ఆ అల్లిక అక్కడ స్థిరపడింది ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలలోనే. ఐరిష్ నాటకకర్త సింజ్ 1904 నాటి నాటకంలో మునిగిన మనిషిని మేజోడులోని కుట్ల లెక్కతో సోదరి గుర్తుపట్టే ఘట్టం ఆ కథకు ఊతమిచ్చింది. ఆ కథ ఆరన్ స్వెట్టరు అమ్మకానికి ఎంతో తోడ్పడింది. పెళ్లికంకణం, దేవుని అంగీ వంటి నిజమైన చరిత్ర ఉన్న కంబళికి మాత్రం అలా చెప్పిపెట్టే వ్యాపారి దొరకలేదు.

సంస్థల అండ కూడా కంబళికి కాక పత్తికే దక్కింది. ఆదోని పత్తి మార్కెట్టుగా ఎదిగింది. ఎమ్మిగనూరులో 1938లో పద్మశ్రీ మాచాని సోమప్ప స్థాపించిన చేనేత సహకార సంఘం పత్తినేతకు నూలు, పని, అమ్మకం మూడింటినీ ఒక చోటికి తెచ్చింది. ఉన్నినేతకు ఈ సీమలో ఆ స్థాయి సంస్థ ఏర్పడలేదు. అయినా కంబళిని అసలు దెబ్బతీసింది అది కాదు, మాంసం ధర. ఉన్ని లేని, వెంట్రుక మాత్రమే ఉండే, పొడవుగా ఎదిగి మాంసానికి ఎక్కువ ధర పలికే నెల్లూరు పొట్టేళ్లు మందల్లోకి వచ్చాక, వాటి సంతానంలో తరం తరానికీ ఉన్ని తగ్గిపోయింది. మిల్లు దుప్పట్లు చవగ్గా దొరకడం దానికి తోడైంది. కత్తిరింపు కూలి కూడా రానప్పుడు ఉన్ని కాపరికి భారమే. అందులో అతని తప్పేమీ లేదు, మంద అతని జీవనాధారం.

ఇటీవల హైదరాబాదులో కొందరు యువ రూపశిల్పులు దక్కని ఉన్నిబట్టతో రైతులకు పనికివచ్చే పాదరక్షలు తయారుచేశారు. ఉన్నిని మెత్తబరచాలని చూడకుండా, దాని ముతకదనాన్నే పనికి పెట్టిన ఆలోచన అది. అటువంటి గిరాకీ ఈ సీమ దాకా వచ్చినా, ముందుగా కావలసినది మగ్గమో నేతగాడో కాదు, ఉన్ని ఉన్న పొట్టేలు. మందలో దానికి చోటివ్వడం లాభమని కాపరికి లెక్క తేలేదాకా చింతగింజల గంజికి పని ఉండదు.