పొయ్యిలోకి పోయిన పీట

పోయిన సంక్రాంతికి మా పెద్దోడు అమెరికా నుంచి వీడియో కాల్ చేసి ఒక పాత అట్టపెట్టె చూపించాడు. మూలలు చిరిగి, టేపు అంటించి ఉంది. లోపల గుండ్రటి అట్టబిళ్ళలు, మధ్యలో తిరిగే ముల్లు. "బేస్‌బాల్ ఆటమ్మా, టేబుల్ మీద ఆడేది" అన్నాడు. వాళ్ళ వీధిలో ఎవరో ఇంటి ముందు పాత సామాను అమ్ముతుంటే కొన్నాడట.

"చిరిగిన అట్టకు పైసలు పెట్టినవారా?" అన్నాను. వాడు నవ్వి దాని కథ చెప్పాడు.

బేస్‌బాల్ వాళ్ళకు మన క్రికెట్ లాంటిది. ఈథన్ అలెన్ అనే ఆటగాడు ఆడటం మానేశాక తయారుచేసిన 'ఆల్ స్టార్ బేస్‌బాల్' 1941లో వచ్చింది. అందులో ఒక్కో బిళ్ళ ఒక్కో నిజమైన ఆటగాడిది. అతను మైదానంలో ఎంత బాగా కొట్టాడో ఆ లెక్క ప్రకారం బిళ్ళ మీద గీతలు గీసి భాగాలు చేశారు. బాగా కొట్టేవాడి బిళ్ళలో కొట్టే భాగం పెద్దది. ముల్లు తిప్పితే ఎక్కడ ఆగిందో అదే ఫలితం. తర్వాత 1951లో 'ఆప్బా', 1961లో 'స్ట్రాట్ ఓ మాటిక్' అని పాచికలతో, కార్డులతో ఆడేవి వచ్చాయి. ఏ ఏడాది ఆటగాళ్ళ కార్డులు ఆ ఏడాదివే. అందుకే వాటిని ఏళ్ళవారీగా వెతికి దాచుకునేవాళ్ళు ఉన్నారట.

వింటుంటే మా పిల్లలు ఆడిన బుక్ క్రికెట్ గుర్తొచ్చింది. పుస్తకం తెరిచి పేజీ నంబరులో చివరి అంకె చూడటం, సున్నా వస్తే అవుట్. అదీ టేబుల్ మీది ఆటే. కాకపోతే పెట్టె లేదు, కొన్న ఏడాదీ లేదు. పదో తరగతి అయిపోగానే పుస్తకంతో పాటు పాత పేపర్ల వాడికి పోయింది.

మావాడి అరలో ఇంకో రెండు పెట్టెలున్నాయి. ఒకటి 'పార్చీసీ'. చూడగానే నాకు అర్థమైంది, అది మన పచ్చీసే! గవ్వలు వేస్తే పడే పెద్ద పందెం ఇరవై అయిదు కాబట్టి ఆ పేరు. ఫతేపూర్ సిక్రీ కోటలో రాతి నేల మీదే పచ్చీసు పటం ఉంది. అదే ఆట అమెరికాలో 1874లో పార్చీసీ పేరుతో రిజిస్టరయింది, ఇంగ్లండులో లూడో పేరుతో వచ్చింది. రెండోది మన వైకుంఠపాళి. ఇంగ్లండు మీదుగా పోయి, 1943లో అమెరికాలో మిల్టన్ బ్రాడ్లీ కంపెనీ చేతిలో పాములు పోయి జారుడుబండలు వచ్చాయి. ఏకాదశి జాగారానికి మనం ఆడిన ఆటలో వైకుంఠం తీసేసి ఆటస్థలం పెట్టారు!

అప్పుడు వాడు అడిగాడు: "అమ్మా, బాపమ్మ ఓమనగుంతల పీట ఉండాలె కదా? ఫొటో పంపవా?"

నాకు నోట మాట రాలేదు.

ఆ పీట మా అత్తమ్మ తన తల్లిగారింటి నుంచి తెచ్చుకున్నది. రెండు వరసలు, వరసకు ఏడు గుంతలు, మొత్తం పద్నాలుగు. పన్నెండేళ్ళ కింద పాత ఇల్లు కూలగొట్టి కొత్తది కట్టినప్పుడు, విరిగిన కిటికీ చెక్కలతో పాటు దాన్నీ పెరట్లో పడేశాను. ఆ మాఘంలో పసుపు ఉడకబెట్టే కడాయి కింద అది కూడా మండిపోయింది. నేనే అందించాను. అత్తమ్మ అక్కడే కూర్చుని పసుపు కొమ్ములు విరుస్తోంది. చూసింది, ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనలేదు కాబట్టి ఏమీ కాలేదనుకున్నాను.

ఇప్పుడు అత్తమ్మకు మతిమరుపు. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు. ఒక్కోసారి నన్నే "నువ్వెవరి బిడ్డవు?" అని అడుగుతుంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారి వరండాలో చాక్‌పీసుతో పద్నాలుగు గుండ్రాలు గీసి, డబ్బాలో చింతగింజలు తెచ్చి ముందు పెట్టాను. అత్తమ్మ కాసేపు చూసి, ఒక్కో గుండ్రంలో అయిదేసి గింజలు పోసింది. చెయ్యి ఆగలేదు. తీసింది, పంచింది, ఖాళీ గుండ్రం రాగానే దాని అవతలివి ఊడ్చి ఒళ్ళో పోసుకుంది.

"నీది తప్పు. ఎడమకెందుకు పోతున్నవ్?" అని నన్ను కసిరింది.

అంతే కాదు. అష్టాచెమ్మాకి అయిదు అయిదుల ఇరవై అయిదు గళ్ళు గీయించింది. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్ట, ఎనిమిది. అవతలివాళ్ళ కాయను ఒక్కటన్నా చంపకుండా లోపలి గళ్ళలోకి పోనివ్వలేదు. "మా అవ్వ ఇట్లనే ఆడేది" అంది. నేను నోట్‌బుక్ తెచ్చి అన్నీ రాసుకున్నాను.

అక్కలూ, మావాడి పెట్టెల మీద తయారుచేసిన కంపెనీ పేరుంది, ఏడాది ఉంది. మన ఆటల మీద ఎవరి పేరూ లేదు. ఆడవాళ్ళు వంట అయ్యాక, పసుపు ఆరేదాకా, జాగారం రాత్రి నేల మీద గీసుకున్నవి. పొద్దున్నే ఊడ్చేసినవి. దాచడానికి పెట్టె లేదు కాబట్టి ఆట మొత్తం వాళ్ళ చేతుల్లోనే దాగింది. నేను కాల్చింది పీటనే, ఆట ఇంకా ఉంది. అది నా అదృష్టం, ఎన్నాళ్ళో తెలియని అదృష్టం.

మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఈ ఆదివారం నాలుగు గవ్వలు ముందు పెట్టి చూడండి. ఎన్ని గింజలు, ఎటు తిరగాలి, ఎప్పుడు చంపాలి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. ఊరుకో తీరుగా ఉంటాయి, సరిచేయకండి.

మావాడికి పీట ఫొటో పంపలేదు. జరిగింది చెప్పి, నోట్‌బుక్ పేజీల ఫొటోలు పంపాను. చివరి పేజీలో వాళ్ళ బాపమ్మ చెయ్యి, ఒళ్ళో చింతగింజలు.