కేలరీ పద్దు ఎవరి చేతిలో?

బరువు తగ్గాలనుకునేవారికి ఇవాళ మూడు సలహాలు ఒకే మూటగా అందుతున్నాయి. తిన్నదాని కేలరీలు రాసుకోవాలి, సైకిలు తొక్కాలి, ఆ రెండూ నలుగురితో కలిసి చెయ్యాలి. కలిసే వస్తున్నాయి కాబట్టి మూడూ ఏ వైద్యుడో ఒక్క పూటలో ఆలోచించి చెప్పినవనిపిస్తుంది. చరిత్ర చూస్తే వాటి పుట్టుకలు వేరు, పుట్టించిన అవసరాలు వేరు. కేలరీ లెక్క కూలివాడిని ఎంత తక్కువ ఖర్చుతో పోషించవచ్చో తేల్చుకోవడానికి ఎదిగింది. సైకిలు డబ్బున్న కుర్రవాళ్ళ సరదాగా మొదలైంది. తోటివారి ముందు తన సంగతి తానే చెప్పుకునే పద్ధతి తాగుడు మానినవాళ్ళ సంఘాల నుంచి వచ్చింది. వీటిలో లెక్కే అసలుదని, మిగతా రెండూ దానికి తోకలని ఫోను యాప్‌లు మనల్ని నమ్మిస్తున్నాయి. గడచిన 150 ఏళ్ళ సాక్ష్యం మరోలా ఉందని నా వాదన. కేలరీ పద్దు మేలు చేసిందా, కీడు చేసిందా అన్నది అంకెల కచ్చితత్వం కన్నా ఆ పద్దు ఎవరి చేతిలో ఉందన్నదాని మీదే ఎక్కువ ఆధారపడింది. తినేవాడే రాసుకుని, తోటివాళ్ళకు తానే చూపించుకున్నప్పుడు అది పనికొచ్చింది.

తిండిని తూచి మనిషికి ఇంత చాలునని పైవాళ్ళు తేల్చిన సందర్భం ఒకటి తెలుగు నేలకు బాగా తెలుసు. అది 1876–78 నాటి ధాత కరువు. బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు సీమలు మాడిపోతుండగా, వైస్రాయి లిట్టన్ ప్రతినిధిగా 1877 జనవరిలో వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో చేరిన మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం కొనుక్కునేంత కూలి, ఉప్పూ పప్పూ ఖర్చుకు పైన కొద్దిపాటి చిల్లర చాలన్నాడు. అంతకుముందు ఇస్తున్నది పౌనున్నర. శ్రమ చేసే శరీరానికి అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా అడ్డం తిరిగాడు. అప్పటి పాలకుల కాగితాల్లో కేలరీ అన్న మాట లేదు, తూకమే ఉంది. ఇప్పటి పట్టికలతో చూస్తే పౌను బియ్యంలో ఉండేది సుమారు 1,600 కేలరీలు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో కూర్చుని పనిచేసే పురుషుడికే 2,110 అవసరమని చెప్పింది. ఇక చెరువు తవ్వి మట్టి మోసేవాడి సంగతి చెప్పనక్కర్లేదు. కొద్ది నెలలకే మద్రాసు ప్రభుత్వం ఆ కూలిని పెంచక తప్పలేదు. స్వతంత్రం తర్వాత ఉద్దేశం మారింది గానీ పద్దు చేతులు మారలేదు. 1979లో ప్రణాళికా సంఘం నిపుణుల బృందం పల్లెలో 2,400, పట్నంలో 2,100 కేలరీలు దొరికేంత ఖర్చును పేదరికపు గీతగా గీసింది. రెండు కాలాల్లోనూ రాసేవాడొకడు, తినేవాడొకడు.

అమెరికాలోనూ కథ దాదాపు ఇదే. కనెక్టికట్ రాష్ట్రం మిడిల్‌టౌన్‌లోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో విల్బర్ అట్వాటర్ అనే రసాయన శాస్త్రవేత్త, భౌతిక శాస్త్రం చదివిన ఎడ్వర్డ్ రోజాతో కలిసి 1890లలో మనిషి పట్టే పెట్టె లాంటి గది కట్టాడు. పొడవు సుమారు ఏడడుగులు, వెడల్పు నాలుగు. ఒక మనిషి రోజుల తరబడి అందులోనే తిని, పడుకుని, చదువుకుంటూ ఉంటే, గొట్టాల్లో పారే నీరు అతని ఒంటి వేడిని మోసుకుపోయేది. ఆ నీటి వేడిని బట్టి అతను ఖర్చు పెట్టిన శక్తిని లెక్కగట్టేవారు. ఊరికే కూర్చున్నవాడి లెక్క తేలాక శ్రమ చేసేవాడి లెక్క కావలసివచ్చింది. అంత ఇరుకులో కట్టెలు కొట్టించలేరు, మూటలు మోయించలేరు. అందుకని కదలని సైకిలు ఒకటి బిగించి, దానికి చిన్న డైనమో తగిలించి తొక్కించారు. కేలరీకీ సైకిలుకూ అసలు చుట్టరికం ఇక్కడ కలిసింది. మనిషి శ్రమను కచ్చితంగా కొలవడానికి శాస్త్రానికి చేతికందిన అత్యంత అనువైన పరికరం సైకిలే. 1898 డిసెంబరులో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఆరు రోజుల సైకిలు పందెం జరిగితే, అట్వాటర్, హెచ్. సి. షెర్మన్ పందెగాళ్ళ తిండిని తూచి రాయించారు. ఆ ఏడు గెలిచిన చార్లెస్ మిల్లర్ తొక్కిన దూరం 2,000 మైళ్ళు దాటింది. తర్వాత 1913లో బెనెడిక్ట్, క్యాత్‌కార్ట్ ఒక వృత్తి సైకిలిస్టును యంత్రం మీద కూర్చోబెట్టి, కండరం ఖర్చు పెట్టే శక్తిలో నాలుగో వంతో, అయిదో వంతో మాత్రమే తొక్కుడుగా మారుతుందని, మిగతాదంతా వేడిగా పోతుందని చూపించారు. ఆ కండరం లోపల శక్తి ఏ రూపంలో నిలవుంటుందో తెలిపిన తొలి వెలుగుల్లో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుది ఒకటి. ఆయన సైరస్ ఫిస్క్‌తో కలిసి హార్వర్డ్‌లో 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని వెలికితీశాడు. మెట్ట ఎక్కుతూ పెడలు మీద లేచి నిలబడే ప్రతివాడూ ఆ పదార్థాల ఖాతాలోంచే ఖర్చు పెడుతున్నాడు.

ఇంత గొప్ప శాస్త్రాన్ని అట్వాటర్ వాడింది దేనికి? కార్మికులు ఖరీదైన మాంసపు ముక్కలకు డబ్బు తగలేస్తున్నారని, అదే డబ్బుతో ఎక్కువ శక్తినిచ్చే చవక తిండి కొనుక్కోవచ్చని చెప్పడానికి. ఆ చూపులో ఆకుకూరలు డబ్బు దండగ, పిండీ చక్కెరా లాభసాటి బేరం. లావెక్కడం అతనికి పెద్ద సమస్య కాదు. చాలీచాలని కూలితో కడుపు నిండకపోవడమే సమస్య. ఈ పద్దును తలకిందులు చేసి తినేవాళ్ళ చేతికిచ్చింది లాస్ ఏంజెలెస్ వైద్యురాలు లూలూ హంట్ పీటర్స్. తానే డెబ్బై పౌన్ల బరువు తగ్గి, 1918లో ఆమె రాసిన ‘డైట్ అండ్ హెల్త్, విత్ కీ టు ద కేలరీస్’ తర్వాత అమెరికాలో 1924, 1925 సంవత్సరాల్లో అత్యధికంగా అమ్ముడైన కథేతర పుస్తకమైంది. ఒక రొట్టె ముక్క అనడం మానేసి వంద కేలరీల రొట్టె అనమని గృహిణులకు నేర్పింది. ఆ పుస్తకం గురించి చెప్పేవారు ఈ చిట్కా దగ్గరే ఆగిపోతారు. నాకు ముఖ్యమనిపించేది మరొకటి. మొదటి ప్రపంచ యుద్ధ కాలం అది. తిండి పొదుపు దేశభక్తి కింద లెక్క. స్త్రీలు జట్లుగా చేరి వారంవారం బరువు చూసుకోవాలని, తగ్గనివాళ్ళు జరిమానా కట్టాలని, ఆ డబ్బు రెడ్ క్రాస్‌కు వెళ్ళాలని పీటర్స్ ప్రోత్సహించింది. జర్మనీ చక్రవర్తిని వెక్కిరిస్తూ ఆ తరగతులకు కైజరు వ్యతిరేక తరగతులని పేరు కూడా పెట్టింది. పద్దును సొంతానికి వాడమన్న తొలి ప్రముఖ గ్రంథకర్తకే ఒంటరి పద్దు చాలదని తోచిందన్నమాట.

ముప్పై ఏళ్ళ తర్వాత అదే పాఠం ఇంకా స్పష్టంగా మళ్ళీ ఎదురైంది. 1948లో మిల్వాకీలో ఎస్తర్ మాంజ్ తన నేస్తాలతో టాప్స్ అనే బరువు తగ్గేవాళ్ళ సంఘం పెట్టింది. 1961లో న్యూయార్క్ క్వీన్స్‌లో ఉండే జీన్ నిడెచ్ అనే గృహిణి నగర ఆరోగ్యశాఖ నడిపే ఊబకాయ కేంద్రానికి వెళ్ళింది. అక్కడిచ్చిన ఆహార పట్టిక మంచిదే. కానీ దాచుకుని తింటున్న బిస్కట్ల సంగతి ఆ కేంద్రంలో ఒప్పుకోలేక, స్నేహితురాళ్ళను తన ఇంటికి పిలిచి వాళ్ళ దగ్గర చెప్పుకుంది. వాళ్ళూ తమ తమ దొంగతిళ్ళు చెప్పుకున్నారు. 1963లో వెయిట్ వాచర్స్ కంపెనీ పుట్టింది ఆ ముచ్చట్లలోంచే. పట్టిక అదే, మనిషీ ఆమే. మారింది ఎవరి ముందు చెప్పుకోవాలన్నదొక్కటే. సైకిలు సంఘాలకు ఇంకా పాత చరిత్ర ఉంది. బ్రిటన్‌లో సైక్లిస్టుల టూరింగ్ క్లబ్ 1878 నాటిది. 1885లో స్టార్లీ రోవర్ సైకిలు, 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చాక సామాన్యులూ ఎక్కగలిగారు, 1894 నాటికి బర్మింగ్‌హామ్‌లో సోషలిస్టు పత్రిక పాఠకులు క్లారియన్ సైక్లింగ్ క్లబ్ పెట్టుకున్నారు. వాళ్ళెవరూ నడుం చుట్టుకొలత కోసం తొక్కలేదు. ఆదివారం పొద్దున తనకోసం నలుగురు కూడలిలో నిలబడి ఉంటారన్న సంకోచం మనిషిని మంచం దించుతుందని మాత్రం వాళ్ళ ఆచారం రుజువు చేసింది.

నా వాదనకు వచ్చే మొదటి అభ్యంతరం అంకెల మీదే. కేలరీ పట్టికలు నమ్మదగినవి కావు కదా, వాటిని నలుగురూ కలిసి రాసుకుంటే మాత్రం ఒరిగేదేమిటి? అభ్యంతరంలో నిజం ఉంది. పిండిపదార్థానికి, మాంసకృత్తులకు గ్రాముకు నాలుగు, కొవ్వుకు తొమ్మిది అన్న లెక్క అట్వాటర్ నాటిదే. బాదం పప్పు ఔన్సుకు 170 కేలరీలని పట్టికలు చెబుతుంటే, మనుషులకు తినిపించి కొలిచిన అమెరికా వ్యవసాయశాఖ పరిశోధకులకు 2012లో తేలినది 129. అయినా రాసుకోవడం వల్ల ఫలితం కనిపిస్తూనే ఉంది. 2008లో అమెరికాలో సుమారు 1,700 మంది మీద ప్రచురితమైన అధ్యయనంలో రోజూ రాసినవాళ్ళు, రాయనివాళ్ళ కన్నా దాదాపు రెట్టింపు బరువు తగ్గారు. పట్టుదల ఉన్నవాళ్ళే రాస్తారు కాబట్టి అలా తేలిందని కొందరంటారు, కొంతవరకు నిజమే. కానీ తప్పు అంకెలతోనూ పని జరుగుతోందంటే, పనిచేస్తున్నది అంకె కాదు, రాయడమనే అలవాటని అర్థం. పెద్ద చెంచాడు వేరుశనగ నూనెలో 120 కేలరీలా, 110 కేలరీలా అన్నది చిన్న తేడా. పోపులో పడింది రెండు చెంచాలని గమనించడం పెద్ద తేడా.

రెండో అభ్యంతరం సైకిలు మీద. గంటసేపు మధ్యస్థ వేగంతో తొక్కితే డెబ్బై కిలోల మనిషికి ఖర్చయ్యేది నాలుగైదు వందల కేలరీలు. దారిలో ఆగి రెండు గారెలు, ఒక తీపి టీ పుచ్చుకుంటే అందులో చాలా భాగం వెనక్కి వచ్చేస్తుంది. పైగా శ్రమ పెరిగేకొద్దీ శరీరం మిగతా ఖర్చులు తగ్గించుకుంటుందని హెర్మన్ పాంట్జర్ అనే పరిశోధకుడు, టాంజానియాలో వేటాడి బతికే హాడ్జాల మీద చేసిన పనితో 2012 నుంచీ వాదిస్తున్నాడు. తగ్గడానికి సైకిలు ఒక్కటే చాలదని ఒప్పుకోవలసిందే. తగ్గినది మళ్ళీ ఎక్కకుండా నిలుపుకునే దశలో మాత్రం దాని బలం కనిపిస్తుంది. 1994లో రీనా వింగ్, జేమ్స్ హిల్ మొదలుపెట్టిన అమెరికా జాతీయ బరువు నియంత్రణ నమోదు పట్టికలో ఏళ్ళ తరబడి బరువు నిలుపుకున్నవాళ్ళలో ఎక్కువమంది రోజుకు గంట దాకా వ్యాయామం చేస్తున్నవాళ్ళే. వాళ్ళు తమంత తాము పేరు నమోదు చేసుకున్నవాళ్ళన్నది నిజమే, ఆ మేరకు సాక్ష్యం బలం తగ్గించుకుని చూడాలి. అయినా గంట వ్యాయామం ఏళ్ళపాటు చెయ్యాలంటే అది శిక్షలా ఉండకూడదు. మాట్లాడుకుంటూ చేయగలిగే శ్రమలు తక్కువ. వాటిలో సైకిలు ఒకటి.

మూడోది అన్నిటికన్నా బరువైన అభ్యంతరం. సంఘం ప్రోత్సహించినట్టే అవమానిస్తుంది కూడా. పీటర్స్ జరిమానాల్లోనే ఆ విత్తనం ఉంది. టాప్స్ తొలినాటి శాఖల్లో బరువు పెరిగినవాళ్ళకు పంది బొమ్మ తగిలించి నవ్విన ఆచారాలున్నాయి. సైకిలు సంఘాలూ కడిగిన ముత్యాలు కావు. లక్ష మందికి పైగా సభ్యులతో ఎదిగిన లీగ్ ఆఫ్ అమెరికన్ వీల్‌మెన్ 1894లో నల్లవారికి సభ్యత్వం లేదని తీర్మానించింది. ఈ సాక్ష్యాన్ని నేను తోసిపుచ్చను; నా వాదనకు ఇది సాక్ష్యమే అంటాను. పద్దు సభ్యుడి చేతిలోంచి సంఘం చేతిలోకి జారిన చోటల్లా సంఘం చిన్న కరువు శిబిరమైంది. జారని చోట లాభం కనిపిస్తోంది. 2011లో లాన్సెట్ ప్రచురించిన పరీక్షలో ఆస్ట్రేలియా, జర్మనీ, బ్రిటన్‌లలో 772 మందిని రెండుగా విడదీస్తే, వెయిట్ వాచర్స్ వారపు సమావేశాలకు వెళ్ళినవాళ్ళు ఏడాదిలో సగటున 5 కిలోలు, మామూలుగా వైద్యుడి సలహా పొందినవాళ్ళు 2.25 కిలోలు తగ్గారు. ఆ పరీక్షకు డబ్బిచ్చింది సమావేశాలు నడిపే కంపెనీయేనని కూడా గుర్తుంచుకోవాలి. 2016లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన మరో పరీక్షలో, ఆహార నియమాలూ బృంద సలహాలూ అందరికీ సమానంగా ఇచ్చి, ఆరు నెలల తర్వాత ఒక జట్టు చేతికి శ్రమను తానే కొలిచే పట్టీ కట్టారు, రెండో జట్టును తమ లెక్క తామే రాసుకోమన్నారు. రెండేళ్ళకు పట్టీ కట్టుకున్నవాళ్ళు 3.5 కిలోలు తగ్గితే, సొంతంగా రాసుకున్నవాళ్ళు 5.9 కిలోలు తగ్గారు. లెక్కను యంత్రానికి వదిలేసిన జట్టే వెనకబడింది.

తెలుగు పట్టణాల్లో సైకిలు నిన్నమొన్నటి దాకా పాలవాడిది, పోస్టుమానుది, బడిపిల్లలది. వాళ్ళకు తగ్గాల్సినంత బరువు లేదు. 2023లో హైదరాబాదు అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సౌర ఫలకాల నీడలో 23 కిలోమీటర్ల సైకిలు బాట వేశారు, ఇప్పుడు తెల్లవారుజామున గుంపులుగా తొక్కేవారున్నారు. ఆఫీసులు పెట్టే ఆరోగ్య పోటీల్లో మాత్రం ఉద్యోగి కేలరీలు, కిలోమీటర్లు యాజమాన్యం తెర మీదికి ఎక్కుతున్నాయి. అలాంటి చోట నలుగురూ పక్కకు వచ్చి సొంత గుంపు కట్టుకోవడమే మేలు. పట్టిక కోసం వెతకాల్సిన పనీ లేదు. కూనూరులో 1918లో మెకారిసన్ అనే వైద్యుడు మొదలుపెట్టిన ప్రయోగశాలే 1958లో హైదరాబాదుకు మారి, తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది; అది 2017లో మన దేశపు 528 ఆహార పదార్థాలను కొలిచి పట్టికలు వేసింది. బియ్యం, కందిపప్పు, గోంగూర, నూనె విడివిడిగా అందులో ఉన్నాయి. రాయడం మొదలుపెట్టేవారు ఆ పట్టికతో, తమ వంటింటి గరిటెతో మొదలుపెట్టాలి. యాప్‌లో గోంగూర పప్పు ఎదురుగా కనిపించే అంకె ఎవరింటి వంటదో చెప్పేవాళ్ళు లేరు.