డిజిటల్ అక్షరాస్యతకు తరగతి గదే పునాది

(ప్రత్యేక వ్యాసం)

కంప్యూటర్‌ను నడపడం తెలిసినంత మాత్రాన డిజిటల్ అక్షరాస్యత అలవడినట్లు కాదు. కావలసిన సమాచారాన్ని వెదకడం, అందులోని నిజానిజాలను నిర్ధారించుకోవడం, సొంత వివరాలను కాపాడుకోవడం, ఇతరులతో మర్యాదగా మెలగడం కలిస్తేనే అది పరిపూర్ణమవుతుంది.

నేపథ్యం

దేశంలో పాఠశాలలకు కంప్యూటర్లను పరిచయం చేసే ప్రయత్నం 1984-85లో ‘క్లాస్’ ప్రాజెక్టుతో ప్రయోగాత్మకంగా ఆరంభమైంది. 2004 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం పాఠశాలల ఐ.సి.టి. పథకాన్ని ప్రవేశపెట్టి, 2010లో సవరించింది. 2012లో జాతీయ ఐ.సి.టి. విధానం వెలువడగా, 2017లో ‘దీక్ష’ వేదిక అందుబాటులోకి వచ్చింది. 2018-19 నుంచి ఈ కార్యక్రమాలు సమగ్ర శిక్షలో అంతర్భాగమయ్యాయి. విద్యార్థులందరూ అలవరచుకోవలసిన నైపుణ్యాలలో డిజిటల్ అక్షరాస్యతను 2020 జాతీయ విద్యా విధానం చేర్చింది.

వసతులు - వినియోగం

యుడైస్ ప్లస్ 2024-25 నివేదిక ప్రకారం దేశంలో 64.7 శాతం పాఠశాలల్లో కంప్యూటర్లు, 63.5 శాతం పాఠశాలల్లో ఇంటర్నెట్ సదుపాయం ఉన్నాయి. గ్రామీణ ప్రాంతాలలో జరిగిన అసర్ 2024 సర్వేలో 14-16 ఏళ్ల వారిలో 80 శాతానికి పైగా స్మార్ట్‌ఫోన్ వాడకం తెలుసునన్నారు. అంతకు ముందు వారంలో దానిని చదువుకు వాడినవారు 57 శాతం కాగా, సామాజిక మాధ్యమాలకు వాడినవారు 76 శాతం. సామాజిక మాధ్యమాలను వాడుతున్నవారిలో తమ ఖాతాను ఇతరులకు కనబడకుండా ఉంచుకోవడం తెలిసినవారు 55.2 శాతం మాత్రమే. ఫోన్ వాడగలిగిన బాలురలో 36.2 శాతం మందికి సొంత ఫోన్ ఉండగా, బాలికలలో అది 26.9 శాతమే. అందువలన ఇంటివద్ద అవకాశం లేని బాలికకు పాఠశాలయే ఆధారం.

బోధనా విధానం

డిజిటల్ అక్షరాస్యతను కంప్యూటర్ పీరియడ్‌కే పరిమితం చేయనవసరం లేదు. ‘భారీ వర్షాల కారణంగా రేపు పాఠశాలలకు సెలవు’ అనే సందేశం ఫోన్‌లో వచ్చిందనుకుందాం. ఉపాధ్యాయుడు దానిని నల్లబల్లపై వ్రాసి, ఉత్తర్వుపై ఉన్న తేదీ ఏది, జారీ చేసిన అధికారి ఎవరు, జిల్లా యంత్రాంగం ధ్రువీకరించిందా అని విద్యార్థులచేత ప్రశ్నింపజేయవచ్చు. గత సంవత్సరపు ఉత్తర్వే మళ్లీ చలామణిలోకి వచ్చిందని పిల్లలే కనిపెట్టగలరు. ఈ పాఠానికి కంప్యూటర్ కూడా అవసరం లేదు.

సాంఘిక శాస్త్రంలో ఒకే సంఘటనపై రెండు కథనాలను పోల్చడం, గణితంలో వార్తలలోని శాతాలను సరిచూడడం, విజ్ఞాన శాస్త్రంలో ఆరోగ్య చిట్కాలకు ఆధారం అడగడం ఇదే కోవలోనివి. ఒకే కంప్యూటర్ ఉన్నచోట విద్యార్థులను జట్లుగా విభజించి, ప్రతి జట్టులోనూ బాలికలకు కీబోర్డు అందేలా చూడడం అవసరం.

భద్రత

పాస్‌వర్డ్, ఓటీపీలను ఎవరికీ చెప్పరాదనీ, బెదిరింపులు ఎదురైతే దాచుకోక పెద్దలకు తెలపాలనీ పిల్లలకు బోధించాలి. సైబర్ ఆర్థిక మోసాలపై 1930కు, ఆపదలో ఉన్న బాలల సహాయానికి 1098కు ఫోన్ చేయవచ్చు.

పాఠశాలకు ఎన్ని పరికరాలు చేరాయన్న లెక్కతోపాటు, వచ్చిన సందేశాన్ని పంపేముందు ఆగి ప్రశ్నించే విద్యార్థులు ఎందరు తయారయ్యారన్నది కూడా తనిఖీలలో గమనించినప్పుడే ఈ కృషి సార్థకమవుతుంది.