చుట్టపొగ నుంచి రెటీనా ఫొటో దాకా

వాడి నుంచి సికింద్రాబాద్‌కు నిజాం రైలు మార్గం 1874లో మొదలైంది. తాండూరు, వికారాబాద్ ఆ దారిలోనివే. కంటి జబ్బు ముదిరితే ఇక్కడి పెద్దలు ఇప్పటికీ ఆ పట్టాల మీదుగానే పట్నం పోతుంటారు.

తెలుగువాళ్ల కళ్ల గురించి నికరమైన లెక్క 1996–2000 మధ్య దొరికింది. గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాద్‌లో స్థాపించిన ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఆ అధ్యయనం చేసింది. లలిత్ దండోనా బృందం హైదరాబాద్, పశ్చిమగోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్‌లలో పదివేల మందికి పైగా పరీక్షించింది. వికారాబాద్, తాండూరు అప్పట్లో రంగారెడ్డి జిల్లావి కనుక ఆ లెక్కలోకి రాలేదు. తాండూరు పక్కనున్న కొడంగల్ మాత్రం అప్పుడు మహబూబ్‌నగర్‌లో ఉండేది. 2016లో కొత్త వికారాబాద్ జిల్లాలో కలిసింది.

ఆ అధ్యయనంలో నలభై దాటిన 3,723 మందిలో 71 మందికి మాక్యులా క్షీణత కనిపించింది. మాక్యులా అంటే రెటీనా నడిబొడ్డు. చదవడానికీ, ఎదుటివాళ్ల ముఖం పోల్చుకోవడానికీ అదే ఆధారం. చుట్టలు బాగా తాగేవాళ్లలో ఈ జబ్బు ఎక్కువని 2005లో వెలువడిన ఆ ఫలితాలు చెప్పాయి. చుట్ట ఒక్కటే కారణమని దీనితో తేల్చలేం. అయినా పల్లె రచ్చబండ మీద గుప్పుమనే పొగకు ఇదొక స్పష్టమైన హెచ్చరిక.

జబ్బు ఉందో లేదో చెప్పడం ఒక ఎత్తు, ఎటు పోతుందో చెప్పడం మరో ఎత్తు. ఈ రెండో పనికి అమెరికాలో 4,757 మందిని ఏళ్ల తరబడి గమనించిన ఏరెడ్స్ అధ్యయనం దారి చూపింది. ఫొటోలో పెద్ద డ్రూసెన్, అంటే రెటీనా అడుగున పేరుకున్న పసుపు మచ్చలు ఉంటే కంటికి ఒక పాయింటు. రంగు మార్పు ఉంటే ఇంకొకటి. రెండు కళ్లకూ కలిపి సున్నా వస్తే అయిదేళ్లలో జబ్బు ముదిరే అవకాశం అర శాతం, నాలుగు వస్తే దాదాపు 50 శాతం. వైద్యుడు కాగితం మీద వేసుకోగల లెక్క ఇది!

1991లో వచ్చిన ఓసీటీ స్కాన్ రెటీనా పొరలను అడ్డుకోతలో చూపింది. ఒక కన్ను అప్పటికే మాక్యులా క్షీణతలోని తడి రకానికి గురైనవాళ్లలో, రెండో కంటికి ఆరు నెలల్లో ముప్పుందేమో ఆ స్కాన్ల నుంచి కంప్యూటర్ అంచనా వేయగలదని లండన్ మూర్‌ఫీల్డ్స్ కంటి ఆసుపత్రి, కృత్రిమ మేధ సంస్థ డీప్‌మైండ్ 2020లో చూపించాయి. తడి రకానికి ఇంజెక్షన్లున్నాయి. తొందరగా వేస్తేనే చూపు నిలుస్తుంది, అందుకే ముందుచూపుకు ఇంత విలువ.

2018 ఆగస్టు 15న మొదలైన తెలంగాణ ప్రభుత్వ కార్యక్రమం కంటి వెలుగు ఊరూరా పరీక్షలు చేసి కళ్లజోళ్లు పంచింది. అది ఎంతో మేలు చేసింది. కానీ తొలిదశ డ్రూసెన్ చూపును పెద్దగా తగ్గించదు, అక్షరాల పట్టికకు దొరకదు. దాన్ని పట్టుకోవాలంటే కంటిపాపను విప్పార్చి రెటీనాను చూడాలి, ఫొటో తీయాలి, అదే కంటికి మళ్లీ కొంతకాలానికి ఇంకో ఫొటో తీసి పక్కపక్కన పెట్టాలి. ఆ రెండో ఫొటో తాండూరులోనే తీయగలిగితే ముసలివాళ్లకు ఒక రైలు ప్రయాణం తప్పుతుంది.