ట్యాంకర్ ఏ వీధి నుంచి మొదలవుతుంది?
(కరువు నేల, నీళ్ళ చరిత్ర – 6)



గత భాగంలో ధాత కరువు గురించి చెప్పుకున్నాం. ఇప్పుడు దాని తర్వాతి ప్రశ్న. నీళ్ళు పూర్తిగా ఆగిపోయే రోజు కోసం ఒక పట్టణం ముందే ఎట్లా సిద్ధపడుతుంది? ఆ సిద్ధపాటులో మాలవాడ, మాదిగవాడ ఎక్కడుంటాయి?

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. ఎక్కడో హోస్పేట దగ్గరి డ్యామ్‌తో కళ్యాణదుర్గానికి ఏం పని అనుకోవద్దు. తుంగభద్ర ఎగువ కాలువ నీళ్ళు పెన్నహోబిలం రిజర్వాయర్‌కు వస్తాయి. అక్కడి నుంచి పంపులు తోడితే, శ్రీరామిరెడ్డి తాగునీటి పథకం పైపుల్లో మన వైపు వస్తాయి. హంద్రీనీవాలో వచ్చే కృష్ణా నీళ్ళు కూడా శ్రీశైలం నుంచి ఎత్తిపోసుకున్నవే. అంటే మన బిందె ఒక గొలుసు మీద, ఒక మోటారు మీద, ఒక కరెంటు తీగ మీద వేలాడుతోంది. ఇంజనీరు కన్నయ్యనాయుడి పర్యవేక్షణలో వారంలో తాత్కాలిక గేటు దించారు. గండం గడిచింది. మరి గడవకపోయి ఉంటే?

ఈ ప్రశ్నకు జవాబు రాసి పెట్టుకోవాలని ప్రభుత్వానికి తట్టింది 1876-78 కరువు తర్వాతే. అప్పటికి మన ప్రాంతం బళ్ళారి జిల్లాలో ఉంది. అనంతపురం జిల్లా 1882లో ఏర్పడింది. రిచర్డ్ టెంపుల్ వచ్చి కరువు పనుల్లో మగమనిషి కూలిని ఒక పౌను ధాన్యం, కొద్దిపాటి డబ్బుల లెక్కకు కుదించాడు. అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ కొట్లాడాడు. చావులు చూశాక కమిషన్ వేశారు, 1880లో కరువు కోడ్ ముసాయిదా తయారైంది. ధరలు పెరగడం, జనం దిక్కులేక తిరగడం, దొంగతనాలు ఎక్కువ కావడం, ఇట్లాంటి గుర్తులు కనిపిస్తే పనులు మొదలుపెట్టాలన్నారు. ముందే కనిపెట్టడం, ముందే సిద్ధపడటం అనే ఆలోచన మన దేశంలో పాలనా కాగితాల మీదికి ఎక్కింది ఇక్కడే.

కానీ ఆ గుర్తుల పట్టికలో ఒకటి లేదు. చెరువు నిండుగా ఉన్నా గొంతు తడవని మనుషులు. వానలు బాగా పడిన ఏడాది కూడా వాడకు కరువే. ఏ కోడ్‌కూ అది కరువుగా కనిపించలేదు.

ఇందులో ఉన్న అన్యాయం ఎంతటిదో నీరుగంటిని చూస్తే తెలుస్తుంది. రాయలసీమ చెరువుల కింద తూము ఎత్తి దించేది, మడి మడికీ నీళ్ళు పంచేది, వానరాత్రి కట్ట కాపలా కాసేది నీరుగంటి. చాలా ఊళ్ళలో ఆ పని మాల, మాదిగలదే. నీటి లెక్క ఊరందరికన్నా బాగా తెలిసినవాడు, ఊరి బావి గట్టు ఎక్కకూడనివాడు ఒక్కడే. చెరువును కాపాడిన ఈ జ్ఞానాన్ని ఇంజనీరింగ్ చరిత్ర రాసుకోలేదు. మనమే రాసుకోవాలి.

మహాడ్ చవుదార్ చెరువు, 1927 మార్చి 20 మీకు తెలిసిందే. దానికి మూడేళ్ళ ముందు మన మద్రాసు శాసనమండలిలో జరిగింది తక్కువమందికి తెలుసు. ప్రజా రోడ్లు, బావులు, చెరువులు, కార్యాలయాలు అన్ని కులాలకూ తెరిచి ఉండాలని 1924లో రెట్టమలై శ్రీనివాసన్ తీర్మానం పెట్టి నెగ్గించారు. తీర్మానం గెలిచింది, బావి మాత్రం తెరుచుకోలేదు. ఆ కాలంలోనే ప్రభుత్వ లేబర్ శాఖ పంచముల కోసం వేరే బావులు తవ్వించింది. ఊరి బావిలో హక్కు అమలు చేయడం కష్టం, విడిగా బావి తవ్వడం సులువు. ఆ సులువైన దారే తర్వాత కాలనీ బోరు అయింది, కాలనీ ట్యాంకు అయింది.

విడి నీళ్ళయినా దక్కాయా? 1985 జులైలో కారంచేడు మాదిగపల్లెలో తాగునీటి చెరువును మురికి చేయొద్దని అడిగినందుకు మొదలైన గొడవ, మర్నాడు ఆరుగురి హత్య దాకా పోయింది. బిందె ఎత్తి ఎదురు నిలిచిన మున్నంగి సువార్త పేరు నీళ్ళ చరిత్రలో మొదటి పేజీలో ఉండాలి.

1995 తర్వాత మన జిల్లాలో సత్యసాయి తాగునీటి పథకం వందల ఊళ్ళకు పైపులు వేసింది. ఫ్లోరైడ్ బోరునీళ్ళు తాగిన జనానికి అది పెద్ద ఊరట, ఆ మాట చెప్పాల్సిందే. అయితే పైపుకు కులం లేకపోయినా, పైపు పోయే దారికి ఉంది. మెయిన్ లైను ఊళ్ళోంచి పోతుంది, వాడ చివరన ఉంటుంది. ప్రెషర్ తగ్గితే ముందు ఎండేది చివరి కొళాయే. తాగునీటి లెక్కల్లోనూ మెట్లున్నాయి: పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్లు, జల్ జీవన్ మిషన్ కింద పల్లెలో 55.

2018లో కేప్‌టౌన్ 'డే జీరో' ప్రకటించింది. మనిషికి రోజుకు 50 లీటర్ల పరిమితి పెట్టింది. కొళాయిలు కట్టేస్తే సుమారు 200 చోట్ల 25 లీటర్ల చొప్పున పంచాలని ప్రణాళిక వేసింది. లోకమంతా భయంగా చూసింది. ఆ ఊరి నల్లవాళ్ళ గుడిసెవాడల్లో మాత్రం ఉమ్మడి కొళాయి దగ్గర క్యూ కట్టడం ఏనాటి నుంచో ఉన్నదే. ఒకరికి విపత్తు అయినది ఇంకొకరికి రోజువారీ బతుకు.

అందుకే అత్యవసర ప్రణాళిక అంటే ఎన్ని ట్యాంకర్లు, ఎన్ని లక్షలు అన్న లెక్క ఒక్కటే కాదు. అది వరుస. ఎవరు ముందు, ఎవరు వెనుక అన్నది. వేసవి రాకముందే మునిసిపాలిటీని, పంచాయతీని మనం అడగాల్సినవి నాలుగు. సరఫరా ఆగితే మనిషికి ఎన్ని లీటర్లు ఇస్తారు? ట్యాంకర్ ఏ వీధిలో మొదలై ఏ వీధిలో ముగుస్తుంది? ఆ పట్టిక వాడలో గోడ మీద రాస్తారా? పంపులు నడిపే కార్మికుల జీతాలు నెలనెలా ఇస్తారా? చివరిది చిన్న ప్రశ్న అనుకోవద్దు. శ్రీరామిరెడ్డి పథకం కార్మికులు బకాయిల కోసం ఎన్నోసార్లు సమ్మెకు దిగారు. నేటి నీరుగంటులు వాళ్ళే.

రాజ్యాంగం 15వ అధికరణ బావుల్ని, చెరువుల్ని పేరు పెట్టి ప్రస్తావించింది. ట్యాంకర్ ప్రస్తావన అందులో లేదు. దాన్ని చేర్చే పని మనది: ఒక అర్జీతో, ఒక సమాచార హక్కు దరఖాస్తుతో. విద్యార్థి మిత్రులు మీ ఊరి వరుస కనుక్కుని కింద రాయండి. వచ్చే భాగంలో ఆ లెక్కలే చూద్దాం.

జై భీమ్.