వికెట్ కీపరు నిరీక్షణ

క్రికెట్ జట్టులో బ్యాటు పట్టువారికి స్థానములు పెక్కు. వికెట్ కీపరుకు ఒక్కటే. కనుక ఈ విద్య పండుటకు పట్టు కాలము వేరు, పండిన విద్యకు అవకాశము దొరకుటకు పట్టు కాలము వేరు.

విశాఖపట్నమున 1993లో జన్మించిన కోన శ్రీకర్ భరత్ చరిత్రయే ఇందుకు నిదర్శనము. 2015లో ఒంగోలున గోవాపై 308 పరుగులు చేసి, రంజీ పోటీలలో త్రిశతకము సాధించిన తొలి వికెట్ కీపరు అయినాడు. అప్పటికి 21 ఏండ్లు. ధోనీ టెస్టుల నుండి విరమించి కొన్ని వారములే అయినది. అయినను ఆ స్థానము సాహాకు, పిదప పంత్‌కు దక్కినది. 2021లో కాన్పూరున సాహా మెడ పట్టివేయగా భరత్ కీపింగు చేసినాడు; కాని జట్టు సభ్యునిగా కాదు, బదులుగా మాత్రమే. 2022 డిసెంబరులో పంత్ రోడ్డు ప్రమాదమున గాయపడిన మీదటనే, 2023 ఫిబ్రవరి 9న నాగపూరులో ఆయనకు టెస్టు ప్రవేశము లభించినది. వయస్సు 29. ఏడవ టెస్టును 2024లో స్వస్థలమున, ద్వారకా నగర్ వాసులెరిగిన మధురవాడ మైదానముననే ఆడినాడు. తరువాతి టెస్టుకు ధ్రువ్ జురెల్ వచ్చినాడు.

ఇదే నగరమున పుట్టిన నితీశ్ కుమార్ రెడ్డి 2024లో, 21వ యేటనే టెస్టులలో ప్రవేశించి మెల్‌బోర్నున శతకము చేసినాడు. బ్యాటుతోను బంతితోను ఉపకరించువానికి ద్వారములు రెండు. ఈ ఎనిమిదేండ్ల అంతరమును ప్రతిభకు కొలతగా ఎంచుట న్యాయము కాదు.