డిజిటల్ ఆడియోలో విద్యుత్ రొద

డిజిటల్ పద్ధతి పుట్టిందే విద్యుత్ రొద బాధ పడలేక. దూరప్రాంతాల టెలిఫోను లైన్లలో మాట నీరసించినప్పుడల్లా దాన్ని పెంచే యాంప్లిఫయర్లు, దారిలో చేరిన రొదనూ అంతకంతా పెంచేవి. 1937లో పారిస్‌లో పనిచేస్తున్న బ్రిటిష్ ఇంజనీరు అలెక్ రీవ్స్, మాటను అంకెలుగా మార్చి పంపే పల్స్ కోడ్ మాడ్యులేషన్‌కు రూపమిచ్చాడు. వచ్చింది సున్నానా ఒకటా అని తేల్చుకోగలిగితే చాలు, రొదను అక్కడే వదిలేసి సంకేతాన్ని కొత్తగా పుట్టించవచ్చు. 1982 అక్టోబరులో జపాన్‌లో సీడీ ప్లేయర్లు అమ్మకానికి వచ్చినప్పుడు, రొద పీడ ఇక విరగడైందన్న నమ్మకమూ వాటితోపాటే ఇళ్లలోకి వచ్చింది.

ఆ నమ్మకంలో సగం నిజముంది. అంకెలు దాదాపు ఎప్పుడూ చెడవు. చిక్కంతా అవి తిరిగి వోల్టేజిగా మారే చోటే. ఆ పని చేసే డాక్ చిప్‌కు అంకెతోపాటు, దాన్ని ఏ క్షణాన విడుదల చేయాలో చెప్పే గడియారమూ, కొలబద్దగా నిలిచే స్థిరమైన వోల్టేజీ కావాలి. ఈ రెండూ అనలాగ్ సరుకే కాబట్టి పవర్ సప్లయిలోని రొద వీటికి సోకుతుంది. గడియారం అడుగు తడబడితే దాన్ని జిట్టర్ అంటారు. 20 కిలోహెర్ట్జ్ పూర్తిస్థాయి స్వరంలో 16 బిట్ల అతిచిన్న మెట్టులో సగం మేర తప్పు రావడానికి 121 పికోసెకన్ల తడబాటు చాలు. పరికరాల మధ్య డిజిటల్ ఆడియోను మోసే ఎస్/పీడీఐఎఫ్ తీగలో గడియారం కూడా సమాచారంలోనే కలిసి వస్తుంది, అవతలి పరికరం దాన్ని ఏరుకోవాలి. ఈ ఏర్పాటులోనే లోపముందా అని 1992లో క్రిస్ డన్, మాల్కం హాక్స్‌ఫర్డ్ ఒక పరిశోధన పత్రంలో ప్రశ్నించారు. తర్వాత వచ్చిన అసింక్రనస్ యూఎస్‌బీ గడియారాన్ని డాక్ పక్కకే చేర్చి ఆ చిక్కు విప్పింది.

మీటరుకు దొరికినదల్లా చెవికి దొరుకుతుందా అన్నది న్యాయమైన అభ్యంతరమే. 1998లో బెంజమిన్, గానన్ చేసిన పరీక్షల్లో సంగీతం వింటూ సుమారు 20 నానోసెకన్ల లోపు జిట్టర్‌ను ఎవరూ పట్టలేకపోయారు. 2005లో జపాన్ పరిశోధకులకు ఆ హద్దు వందల నానోసెకన్లలో తేలింది. ఖరీదైన డిజిటల్ తీగల ప్రచారానికి ఇది గట్టి దెబ్బ. అయితే రొద వినపడదని దీనర్థం కాదు. మూడు పిన్నుల ఛార్జర్ పెట్టిన ల్యాప్‌టాప్‌ను యాంప్లిఫయర్‌కు కలిపితే స్పీకర్లు గుయ్‌మంటాయి, మౌస్ కదిపితే గరగరమంటాయి, ఛార్జర్ పీకేస్తే చాలాసార్లు నోరు మూస్తాయి. రెండింటి ఎర్త్‌లూ గోడలోనూ ఆడియో తీగలోనూ కలిసి ఒక వలయం కట్టడమే కారణం. యూఎస్‌బీ ప్యాకెట్లు మిల్లీసెకనుకొకటి వెళ్లే చోట 1000 హెర్ట్జ్ సన్నని కూత కూడా దూరుతుంది. ఇందులో ఒక్క బిట్ కూడా మారదు. 1983లో తోషిబా తెచ్చిన ఆప్టికల్ తీగే సాక్ష్యం: జిట్టర్‌లో అది రాగితీగ కన్నా తరచు వెనకబడుతుంది, అయినా దాని మీదుగా విద్యుత్తు పోదు కనుక గుయ్‌మనడం ఆగిపోతుంది.

బిట్లు పెంచితే సరిపోదా అనేవారికి భౌతికశాస్త్రమే అడ్డు. 2 వోల్టుల అవుట్‌పుట్‌లో 24 బిట్ల అతిచిన్న మెట్టు 0.34 మైక్రోవోల్టు. బెల్ ల్యాబ్స్‌లో జాన్సన్ 1928లో ప్రకటించిన ఉష్ణ రొద, గది వేడిమిలో ఉన్న ఒక్క కిలో ఓమ్ రెసిస్టర్‌లోనే 20 కిలోహెర్ట్జ్ మేరకు 0.57 మైక్రోవోల్టులుంటుంది.